తిరునాళ్ళ గురించి అడిగితే లీవ్ లెటర్ రాసింది

పల్నాడు జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయొద్దన్నారు. నాలుగు పేజీలు రాశారు కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం నా మాటల్లో చెబుతాను.

ఆమెకు 38 ఏళ్ళు. తెలుగు మీడియంలో బీఏ చదివారు. ఆరేళ్ళుగా ఇంటి వరండాలో 6, 7, 8 తరగతుల పిల్లలకి ట్యూషన్ చెబుతున్నారు. మూడు ప్రైవేటు స్కూళ్ళ పిల్లలు, ఇద్దరు జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలు, మొత్తం 11 మంది ఉండేవారు. తలకి నెలకు 500 రూపాయలు. ఆ డబ్బుతోనే కూతురి స్కూలు ఫీజు, బస్సు ఫీజు నడుస్తున్నాయి. భర్త బట్టల షాపులో పని చేస్తారు, రాత్రి తొమ్మిదిన్నర దాటితే గానీ ఇల్లు చేరరు. కూతురు ఏడో తరగతి. అదే వరండాలో మిగతా పిల్లల మధ్యే కూర్చుని చదువుకుంటుంది.

ఇంగ్లీషు టెస్టులకి ఆమె పద్ధతి ఇది: గైడులోంచి క్వశ్చన్ ఆన్సర్లు నోట్సులో రాయిస్తారు, ఇంపార్టెంట్స్‌కి టిక్కు పెడతారు, ఒక్కొక్కరినీ నిలబెట్టి అప్పజెప్పించుకుంటారు. శనివారం స్లిప్ టెస్టులకి, నెలాఖరు యూనిట్ టెస్టులకి ఇన్నాళ్ళూ అది సరిపోయింది. ఈ ఏడు ఒక స్కూల్లో ఇంగ్లీషు టీచర్ మారారు. కొత్తావిడ పాఠం వెనకాల ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు ఇవ్వడం లేదు. ఆగస్టు యూనిట్ టెస్టులో పుస్తకంలో లేని పేరా ఒకటి, లెటర్ ఒకటి, కొంత గ్రామర్ ఇచ్చారు. ఆ స్కూలు నుంచి వచ్చే అయిదుగురిలో ఎవరికీ 25కి 12 దాటలేదు. అందరికంటే తక్కువ, 7 మార్కులు, ఈమె కూతురికే వచ్చాయి.

లెటర్ ప్రశ్న ఏమిటంటే, మీ ప్రాంతంలో జరిగే తిరునాళ్ళ గురించి వేరే ఊళ్ళో ఉన్న ఫ్రెండ్‌కి రాయమని. అమ్మాయి హెడ్మాస్టర్ గారికి లీవ్ లెటర్ రాసింది. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ దగ్గర్నుంచి ‘యువర్స్ ఒబీడియంట్లీ’ దాకా ఒక్క తప్పు లేకుండా రాసింది.

పేపర్ చూసి ఈమెకి ఒళ్ళు మండిపోయింది. పదిమంది పిల్లల ముందు “టీచర్ కూతురివై ఉండి నా పరువు తీశావు” అని అరిచి, పేపర్ చింపేశారు. ఆ రోజు నుంచి అమ్మాయి వరండాలోకి రావడం లేదు. శనివారం వచ్చిందంటే కడుపునొప్పి అంటోంది. ఇద్దరు తల్లులు పిల్లల్ని మాన్పించి, స్పోకెన్ ఇంగ్లీష్ కూడా చెప్పే చోట చేర్చారు. వాళ్ళలో ఒకావిడ “ఆవిడకే ఇంగ్లీషు మాట్లాడటం రాదు, పిల్లలకేం చెబుతుంది” అన్నారని తెలిసింది. మరోపక్క ఎనిమిదో తరగతి కుర్రాడొకడు ఫోన్‌లో పోయినేటి ప్రశ్నపత్రాల ఫొటోలు తెస్తున్నాడు. ఒకటి రెండు సార్లు అదే స్కూలు వేరే బ్రాంచిలో ముందురోజు పెట్టిన పేపర్ ఫొటో కూడా చూపించాడు. భర్తేమో ట్యూషన్ మానేసి మన పిల్లని చూసుకో అంటున్నారు.

“తప్పు నాదేనా? ఆ పేపర్లు వాడుకోవచ్చా? మా అమ్మాయిని వేరే ట్యూషన్‌కి పంపనా? అసలు ఇదంతా ఆపెయ్యనా?” అని అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ లీవ్ లెటరే. దాచుకోవడం ఎందుకు, ముందు నవ్వొచ్చింది. 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని, ఇలాంటివి ఎన్ని దిద్దానో లెక్కలేదు. ఏం అడిగినా తిప్పి తిప్పి ఆవు వ్యాసం దగ్గరికే తెచ్చే కుర్రాడి కథ మనందరికీ తెలిసిందే కదా. నవ్వయ్యాక మళ్ళీ చదివాను. ఒక్క స్పెల్లింగు తప్పు లేదన్నారు. అంటే ఆ పిల్లకి జ్ఞాపకశక్తి ఉంది, శ్రద్ధ ఉంది, మీరు చెప్పింది చెప్పినట్టు చేసింది. ప్రశ్నలో ‘లెటర్’ అన్న మాట కనబడగానే చెయ్యి తనకు తెలిసిన లెటర్ వైపు పరుగెత్తింది. మిగతా ప్రశ్న చదివే ఉండదు. లేకపోతే చదివి ‘ఫెయిర్’ అన్న మాట దగ్గర ఆగిపోయి ఉంటుంది. మన పిల్లలకి ఫెయిర్ అంటే ఒంటి రంగు. అదే మాటకి తిరునాళ్ళ అనే అర్థం ఉందని ఎవరో ఒకరు చెప్పి ఉంటే తప్ప తెలియదు.

ఈ రెండిట్లో ఏది జరిగిందో నాకు తెలియదు, మీకూ తెలియదు, ఎందుకంటే ఆ పేపర్ చింపేశారు. ముందు ఆ సంగతి ఆ పిల్లని అడగాలి. ‘ఎందుకిలా రాశావు’ అని కాదు, అది తిట్టులాగే వినబడుతుంది. ‘ఆ ప్రశ్నలో ఏ మాట అర్థం కాలేదు?’ అని అడగండి. మొదటి ప్రశ్నకి జవాబుగా ఏడుపు వస్తుంది, రెండో ప్రశ్నకి మాట వస్తుంది.

ఇంకొక మాట. మీది పల్నాడు అన్నారు. శివరాత్రికి కోటప్పకొండకి ఊళ్ళకి ఊళ్ళు ప్రభలు (తిరునాళ్ళకి అలంకరించి తీసుకెళ్ళే ఎత్తైన చట్రాలు) కట్టుకుని కదిలే నేల మీద పెరిగిన పిల్ల అది. విద్యుత్ ప్రభ ఎంత ఎత్తుంటుందో, రాత్రి దాని వెలుగు ఎలా ఉంటుందో తెలుగులో చెప్పమంటే అరగంట చెబుతుంది. అలాంటి పిల్ల ఆ ప్రశ్నకి జ్వరం వచ్చిందని రాసిందంటే, తనకు తెలిసినదాన్ని ఇంగ్లీషులో రాయొచ్చన్న సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదన్నమాట. ఇంగ్లీషంటే నోట్సులో ఉన్నది, మన ఇంట్లో ఉన్నది కాదు అనుకుంటోంది.

తప్పు మీదేనా అన్నారు. కొంత మీదే. కానీ మీరు అనుకుంటున్న చోట కాదు.

మీ పద్ధతి ఆరేళ్ళు ఎందుకు పనిచేసిందంటే, ఆ టెస్టులు కూడా అదే పద్ధతిలో ఉండేవి. గైడులో ఉన్నది అడిగారు, గైడులో ఉన్నది రాశారు. కొత్త టీచర్ ఇస్తున్న పేపర్ విచిత్రమైనదేం కాదు. పదో తరగతి పబ్లిక్ పరీక్షకి వచ్చేసరికి పుస్తకంలో లేని పేరాలు, సొంతంగా రాసే లెటర్లు, సంభాషణలు ఎలాగూ వస్తాయి. ఆవిడ మూడేళ్ళు ముందుగా మొదలుపెట్టారంతే. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి.

అప్పజెప్పించుకోవడం చెడ్డ అలవాటేమీ కాదు, ఆ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఈ మధ్య అందరూ బట్టీ అంటే ముక్కు చిట్లిస్తున్నారు, నాకు ఆ ఫ్యాషన్ నచ్చదు. పుస్తకం మూసి జ్ఞాపకం నుంచి చెప్పించడం మంచి పనే. తేడా అంతా ఎప్పుడు అడుగుతున్నారన్న దాంట్లో ఉంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక పేరా ఇచ్చి కొందరిని మళ్ళీ మళ్ళీ చదవమన్నారు. కొందరిని చదివాక కాగితం పక్కన పెట్టి గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత టెస్టు పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే బాగా రాశారు. వారం తర్వాత పెడితే తారుమారైంది, చూడకుండా రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. మీ వరండాలో పిల్లలు పదిసార్లు చదివి, వెంటనే లేచి నిలబడి గడగడా అప్పజెబుతారు. మీరూ సంతోషిస్తారు, వాళ్ళూ సంతోషిస్తారు. అది అయిదు నిమిషాల జ్ఞాపకం. సోమవారం చదివినది గురువారం అడగండి, పుస్తకం తెరవకుండా. నత్తినత్తిగా వస్తుంది, సగమే వస్తుంది. ఆ సగంతో కుస్తీ పట్టినప్పుడే అది శనివారానికీ నెలాఖరుకీ నిలుస్తుంది. పిల్లలకి ఇది నచ్చదు, మొదట్లో మీకూ నచ్చదు, ఎందుకంటే వరండాలో గడగడా వినిపించదు. వీధిలో పోయే తల్లులకి అసలే వినిపించదు!

ఇక మార్కులు పోయిన చోట్లకి వద్దాం. చూడని పేరా దగ్గర మన పిల్లలు పడిపోయేది కథ అర్థం కాక కాదు. ఎక్కువమందికి కథ అర్థమవుతుంది. జవాబు వాక్యం కట్టడం దగ్గర కాలు జారుతుంది. ‘వై డిడ్ ది ఓల్డ్ మ్యాన్ సెల్ హిజ్ కౌ?’ అని ప్రశ్న ఉంటే, పిల్లలు ‘ది ఓల్డ్ మ్యాన్ డిడ్ సెల్ హిజ్ కౌ’ అంటారు, లేదా ‘డిడ్ సోల్డ్’ అంటారు. దీనికి నేను క్లాసులో ఒక ఆట ఆడేదాన్ని. బోర్డు మీద ఆ ప్రశ్న రాసి, డస్టర్‌తో ‘డిడ్’ తుడిచేసి, “డిడ్ ఎక్కడికి పోయిందిరా?” అనేదాన్ని. నాలుగు రోజులు పోయాక వెనక బెంచీవాళ్ళు కూడా “సెల్‌లోకి దూరి సోల్డ్ అయింది టీచర్” అనేవాళ్ళు. ‘డజ్’ తుడిస్తే అది వెళ్ళి పక్క క్రియకి ‘ఎస్’ అనే అక్షరమై అతుక్కుంటుంది: ‘వేర్ డజ్ షీ లివ్’ అంటే ‘షీ లివ్స్’. ఇది వచ్చిన పిల్లకి పేరా కింద ప్రశ్నల్లో సగం చేతికి వచ్చినట్టే. రోజుకి పది ప్రశ్నలు, పది నిమిషాలు. జవాబులోని విషయం తప్పైనా పట్టించుకోకండి, వాక్యం నిలబడిందా లేదా అంతే చూడండి.

చూడని పేరాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారేమో. మీ వరండాలోనే ఉన్నాయి. మీ దగ్గర మూడు ప్రైవేటు స్కూళ్ళ పిల్లలున్నారు, హైస్కూలు పిల్లలున్నారు, అందరి పుస్తకాలూ ఒకటి కావు కదా. ఒకరి పాఠం ఇంకొకరికి చూడని పేరానే. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టండి, పుస్తకాలు మార్చుకోమనండి, ఒక పేరా చదివి ఎదుటివాడికి మూడు ప్రశ్నలు వెయ్యమనండి. ప్రశ్న తయారు చేయడం జవాబు రాయడం కంటే కష్టం. అది వచ్చినవాడికి టీచర్ ప్రశ్నని ఎటు తిప్పినా భయముండదు. ఇంకా కావాలంటే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాళ్ళ వెబ్‌సైట్లో ఉచితంగా ఉంటాయి. ఏడో తరగతి పిల్లలకి ఆరో తరగతి పాఠంతో మొదలుపెట్టండి, అవమానమేమీ లేదు.

ఎనిమిదో తరగతి వాళ్ళకి రిపోర్టెడ్ స్పీచ్ దగ్గర తల తిరుగుతుందని ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాశారు. అది ఎందుకు కష్టమో మనమెవరమూ చెప్పం, పట్టిక రాయించి ‘విల్ అంటే వుడ్, టుమారో అంటే ది నెక్స్ట్ డే’ అని బట్టీ పెట్టిస్తాం. ఒక్కసారి మన భాష వైపు చూడండి. తమ్ముడు ‘రేపు వస్తాను’ అన్నాడు. దాన్ని మీరు నాకు చెప్పేటప్పుడు ఏమంటారు? ‘రేపు వస్తానన్నాడు’ అంటారు. ఆ ‘వస్తాను’ అలాగే ఉంది చూశారా? మాట మీ నోట్లోకి వచ్చినా తమ్ముడి ‘నేను’ అందులో కూర్చునే ఉంది. తెలుగు ‘అని’ చేర్చి ఊరుకుంటుంది. ఇంగ్లీషు అలా ఊరుకోదు. మాట ఎవరి నోట్లోకి వస్తే వాళ్ళ వైపు నుంచి ‘ఐ’ని ‘హి’ చేసి, కాలాన్ని ఒక మెట్టు వెనక్కి జరుపుతుంది. ‘హి సెడ్ దట్ హి వుడ్ కమ్ ది నెక్స్ట్ డే.’ ఈ తేడా తెలుగులో వివరించగలిగితే పట్టిక అక్కర్లేదు. ఇది చెప్పడానికి గడగడా ఇంగ్లీషు మాట్లాడే టీచర్ అవసరం లేదు, తెలుగు తెలిసిన టీచర్ కావాలి. మీ గురించి వీధిలో అన్న మాటకి నా జవాబు ఇదే.

ఆ మాట మిమ్మల్ని బాగా గుచ్చినట్టుంది, ఉత్తరంలో మూడు చోట్ల వచ్చింది. ఆవిడ అన్నది మొరటుగా ఉన్నా, పూర్తిగా కొట్టిపారేయకండి. ఉచ్చారణ మీకు సందేహం ఉన్న చోట ఫోన్‌లో డిక్షనరీ తెరిచి మాట వినిపించండి. పిల్లల ముందే వినిపించండి. నేను పదకొండేళ్ళు పిల్లల చేత ‘డిస్కస్ అబౌట్’ అని రాయించాను. అక్కడ ‘అబౌట్’ అక్కర్లేదని ఒక ట్రెయినింగులో తెలిసింది. మర్నాడు క్లాసుకెళ్ళి చెప్పాను. పిల్లలు ఒక నిమిషం నవ్వారు, తర్వాత నా తప్పులు వెతకడం మొదలుపెట్టారు. ఆ ఏడు వాళ్ళు నేర్చుకున్నంత గ్రామర్ ఎప్పుడూ నేర్చుకోలేదు.

ఆర్టికల్సు, స్పెల్లింగు గురించి ఎక్కువ చెప్పను. తెలుగులో ఆర్టికల్సే లేవు కాబట్టి అవి ఎప్పుడూ ఒకటి రెండు తప్పుతూనే ఉంటాయి, వాటికోసం సాయంత్రాలు తగలెయ్యకండి. స్పెల్లింగుకి ఆ వారం ఆ పిల్ల తప్పు రాసిన మాటలే అయిదు డిక్టేషన్ చెప్పండి, చాలు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ట్యూషన్ విషయంలో మూడు కనబడుతున్నాయి నాకు.

ఇప్పుడున్నట్టే ఇంపార్టెంట్స్‌తో నడపొచ్చు. మిగతా రెండు స్కూళ్ళ పిల్లలకి మార్కులు వస్తూనే ఉంటాయి, ఆ తల్లులు కదలరు. కానీ కొత్త టీచర్ స్కూలు నుంచి వచ్చేవాళ్ళలో ముగ్గురే మిగిలారు మీకు, మీ అమ్మాయితో కలిపి. వాళ్ళకి ప్రతి నెలా ఇదే గొడవ. వచ్చే ఏడు ఇంకో స్కూల్లో టీచర్ మారితే ఇదే ఉత్తరం మళ్ళీ రాస్తారు.

లేదా గైడు పక్కన పడేసి పూర్తిగా కొత్త పద్ధతికి మారొచ్చు. చెప్పడానికి బాగుంటుంది. కానీ మొదటి రెండు నెలలు మార్కులు తగ్గుతాయి, ఆ తగ్గుదల తల్లులకి వివరించడం మీవల్ల కాదు, నావల్లా కాదు. ఇంకో ముగ్గురు మానేస్తే నెలకు 3,000 మిగులుతుంది. మీ బస్సు ఫీజు లెక్క మీకే తెలుసు.

మూడోది, ట్యూషన్ నడిచే రెండు గంటల్నీ భాగాలుగా చీల్చడం. మొదటి గంట ఇప్పటిలాగే నోట్సు, అప్పజెప్పడం (సోమవారంది గురువారం అడగడం అనే మార్పుతో). తర్వాత అరగంట పుస్తకాలు మార్చుకునే ఆట, ‘డిడ్’ తుడిచే ఆట. చివరి అరగంట మిగతా సబ్జెక్టులు. ఇబ్బందేమిటంటే ఇంగ్లీషుకి ఎక్కువ పోయి లెక్కలకి తక్కువ మిగులుతుంది. లెక్కల్లో వెనకబడ్డ పిల్లలు ఎవరో మీకు తెలుసు, వాళ్ళని ఏం చెయ్యాలో మీరే చూసుకోవాలి. ఒక్క స్లిప్ టెస్టు తర్వాత తల్లుల్ని పిలిచి, పిల్లాడు సొంతంగా రాసిన పేరా జవాబులు చూపించండి. “ఇంపార్టెంట్స్ ఇస్తూనే ఉన్నానండి, ఇది కొత్త పేపర్ కోసం” అనండి. తల్లులకి మార్కులు కావాలి, తప్పేమీ కాదు, వాళ్ళు ఫీజు కడుతున్నది అందుకే. మీరు మార్కుల గురించి మాట్లాడటం మానేస్తే వాళ్ళు వినడం మానేస్తారు.

నేనైతే ఈ మూడోది ఎంచుకుంటాను. కానీ నాకు పెన్షన్ వస్తుంది, మీకు రాదు. అందుకని నా ఎంపికకి మరీ ఎక్కువ విలువివ్వకండి.

ఫోన్‌లో వచ్చే పేపర్ల సంగతి. ఇందులో రెండు వేరే వేరే విషయాలు కలిసిపోయాయి. పోయినేటి పేపర్ అందరూ రాసేసిన పేపర్. అది చూపించి, ఎన్ని ప్రశ్నలొస్తాయి, ఏ ప్రశ్నకి ఎంత టైము పెట్టాలి అని చెప్పడంలో తప్పేమీ లేదు. దాని జవాబులు బట్టీ పట్టించి, అవే వస్తాయని ఆశపెట్టడం జూదం. పాత టీచర్ ఉన్నప్పుడు తగిలింది, ఇప్పుడు తగలదు. వేరే బ్రాంచిలో నిన్న పెట్టి ఇక్కడ రేపు పెట్టబోయే పేపర్ అలా కాదు, అది తీసుకున్నారంటే పిల్లలతో కలిసి మీరు కాపీ కొట్టినట్టే. ఆ కుర్రాడిని తిట్టకండి, వాడు మీకు మంచి చేద్దామనే తెచ్చాడు. “ఇది నేను చూడను, నువ్వూ డిలీట్ చెయ్యి” అని మెల్లగా చెప్పండి. ఇలా చెప్తే వాడూ, వాళ్ళమ్మా వేరే ట్యూషన్ చూసుకునే అవకాశం ఉంది, అదీ ఆలోచించుకోండి. తీసుకుంటే ఎప్పుడో ఒకరోజు స్కూలువాళ్ళకి తెలుస్తుంది, అప్పుడు అందరి నోటా వినబడేది మీ పేరే. అంత చిన్న ఊళ్ళో ఆ మాట పోవడానికి ఏళ్ళు పడుతుంది.

మీ అమ్మాయి దగ్గరికి ఆఖర్న వచ్చాను, కానీ అన్నిటికంటే ముందు చూడాల్సింది తన సంగతే.

ఆ వరండాలో మీరు మిగతా పిల్లలకి టీచర్. వాళ్ళు ఏడున్నరకి సంచి సర్దుకుని ఇళ్ళకి పోతారు, అక్కడ వాళ్ళకి అమ్మ ఉంటుంది. మీ పిల్లకి ఏడున్నర తర్వాత కూడా టీచరే ఉంటుంది. పైగా ఆమె మార్కులు మీ వ్యాపారానికి బోర్డులాంటివి, ఆ బరువు పన్నెండేళ్ళ పిల్ల మీద పడింది. ‘నా పరువు’ అన్నారు చూశారా, ఆ మాటలో అంతా ఉంది. నేనూ మా అబ్బాయికి నా స్కూల్లోనే చదువు చెప్పాను, అందుకే తెలుసు. వాడు ఇప్పటికీ నా ముందు ఇంగ్లీషు మాట్లాడడు, ఫోన్ వస్తే పక్క గదిలోకి వెళ్ళి మాట్లాడతాడు.

వేరే ట్యూషన్‌కి పంపితే మీ ఇద్దరి మధ్యా ఈ టెస్టుల గోల పోతుంది, అది పెద్ద లాభం. ‘టీచర్ కూతురే ఇంకోచోటికి వెళ్తోంది’ అని వీధిలో అంటారు, అదీ నిజమే. డాక్టర్లు తమ పిల్లల్ని వేరే డాక్టర్‌కి చూపించుకుంటారని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. కానీ 500 ఖర్చు, సాయంత్రం చీకట్లో పిల్లని తీసుకురావడం, ఆ కొత్త చోట కూడా గైడు బట్టీయే అయితే పోయిందంతా పోయినట్టే. ఇవి లెక్కలోకి తీసుకోండి. ఇంకో దారి, ఆమెకి ఇంగ్లీషు ట్యూషనే మానిపించెయ్యడం. వరండాకి రావాలా వద్దా ఆమె ఇష్టానికి వదిలేసి, రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు, అమ్మగా, ఆ రోజు స్కూల్లో ఏం చదివారో తెలుగులో చెప్పించుకోవడం. మార్కులు ఒకటి రెండు టెస్టులు ఇంకా తగ్గొచ్చు. అది చూసి ఊరుకోగలరా అని మిమ్మల్ని మీరు అడగండి. ఊరుకోలేననిపిస్తే వేరే ట్యూషనే మేలు. ఆదివారం మీ వారు ఇంట్లో ఉంటే ఆ పది నిమిషాలు ఆయనకి అప్పజెప్పండి. ఆయనకి ఇంగ్లీషు రాకపోవడమే అక్కడ పనికొస్తుంది, పిల్లే ఆయనకి టీచర్ అవుతుంది.

పదిమంది ముందు అరిచారు. సారీ ఇంట్లో చెప్పాలా, వాళ్ళందరి ముందూ చెప్పాలా అని మీరు అడగలేదు గానీ, అడిగినట్టే అనిపించింది. ముందు ఇంట్లో చెప్పండి. అందరి ముందు కూడా చెప్పనా అని ఆమెనే అడగండి. కొందరు పిల్లలకి అది ఊరట, కొందరికి రెండో అవమానం. మీ పిల్ల ఎలాంటిదో ఆమెకే తెలుసు.

మీ వారు మానెయ్యమంటున్నారు. ప్రేమతోనే అంటున్నారు, ఆయన కంటికి పిల్ల కన్నీళ్ళు కనిపిస్తున్నాయి. కానీ ఇప్పుడు ఆపేస్తే పిల్లకి ఎలా అర్థమవుతుందో ఆలోచించండి. నా 7 మార్కుల వల్ల అమ్మ ట్యూషన్ పోయింది, బస్సు ఫీజుకి ఇబ్బందైంది అనుకుంటుంది. ఆపదలచుకుంటే వేసవి సెలవుల్లో, మార్కుల మాట లేనప్పుడు, మీ ఇద్దరూ కూర్చుని లెక్కలేసుకుని ఆపండి. ఆరేళ్ళు కష్టపడి నిలబెట్టుకున్నదాన్ని ఒక యూనిట్ టెస్టు కోసం వదిలెయ్యడం నాకు మాత్రం ఇష్టం లేదు.

ఆ తిరునాళ్ళ లెటర్ మాత్రం మళ్ళీ రాయించండి, కానీ పెన్ను పట్టించకండి ముందు. కోటప్పకొండలో ఏం చూశావో నాకు చెప్పు అని అడగండి, తెలుగులోనే. ఆమె చెప్పిన వాటిలోంచి అయిదు సంగతులు ఏరండి. రాత్రి ప్రభ లైట్లు, జనం, చెరుకు రసం, తప్పిపోయిన చెప్పు, ఏదైనా సరే. ఒక్కోదానికీ ఒక్కో చిన్న ఇంగ్లీషు వాక్యం, ‘ఐ సా’, ‘వుయ్ వెంట్’, ‘ఐ లాస్ట్’ అంటూ. ప్రభకి ఇంగ్లీషు మాట లేదు, ప్రభ అనే రాసి, అదేమిటో ఒక్క వాక్యంలో చెప్పమనండి. వేరే ఊళ్ళో ఉన్న ఫ్రెండ్‌కి అది తెలియదు కదా, అందుకే కదా లెటర్ రాస్తున్నది. దానికి మార్కులు వెయ్యకండి, ఎర్ర పెన్ను తియ్యకండి.

కడుపునొప్పి విషయం తేలిగ్గా తీసుకోకండి. టెస్టు భయంతో నిజంగానే నొప్పి వస్తుంది, అది నాటకం కాదు. పన్నెండేళ్ళ ఆడపిల్ల కాబట్టి వేరే కారణాలు కూడా ఉండొచ్చు, నులిపురుగుల దగ్గర్నుంచి. ఒకసారి డాక్టర్‌కి చూపించండి. ఈ శనివారం కూడా స్లిప్ టెస్టు ఉందన్నారు కాబట్టి, శుక్రవారం సాయంత్రమే వెళ్ళిరండి. ఆ ఒక్క పూట ట్యూషన్‌కి సెలవని పిల్లలకి గురువారమే చెప్పెయ్యండి.